ఎముక ఆలస్యంగా నేర్చుకుంటుంది

1855లో ప్రష్యా సైన్యంలో పనిచేసే బ్రైట్‌హౌప్ట్ అనే వైద్యుడికి ఒక చిక్కు జబ్బు ఎదురైంది. పటాలంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు దూరపు కవాతుల తర్వాత పాదం వాచి, కుంటుకుంటూ వచ్చేవారు. ఎవరూ కిందపడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కండరాల కొసల చుట్టూ ఉండే పొరలు వాచాయని ఆయన అనుకున్నాడు. ఎక్స్-రే పుట్టింది 1895లో. ఆ తర్వాత రెండేళ్లకు అలాంటి పాదాలను ఆ కిరణాలతో చూశాక అసలు సంగతి తెలిసింది. కాలివేళ్ల వెనకుండే పొడవాటి ఎముకలు సన్నగా చిట్లి ఉన్నాయి. ఒక్క పెద్ద దెబ్బకు విరిగినవి కావవి, వేల అడుగుల చిన్న చిన్న తాకిళ్లకు అలసిపోయి విరిగినవి.

అదే చిట్లు ఈనాడు కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో, తెలుగు రైతులు కట్టుకున్న ఏ క్యాంపులోనో ఉండే పద్నాలుగేళ్ల పిల్ల మోకాలి కింది ఎముకలో రావచ్చు. బడి తెరిచిన కొత్తలో పీటీ సార్ పిలిచి, "ఈసారి క్రాస్ కంట్రీకి నువ్వు దిగాలమ్మా" అంటారు. పిల్ల ఉత్సాహంగా ఒప్పుకొని రోజూ కాలువ గట్టు మీద పరుగు మొదలుపెడుతుంది. మొదటి వారం ఆయాసం. రెండో వారానికి ఆయాసం తగ్గుతుంది. మూడో వారానికి గాలిలో తేలుతున్నట్టుంటుంది. సార్ సంతోషించి దూరం పెంచుతారు. సరిగ్గా నాలుగో వారమో ఐదో వారమో కాలు మొరాయిస్తుంది.

ఊపిరి ఒప్పుకున్నాక కాలు ఎందుకు ఒప్పుకోదు? ఒక పిల్లనో పిల్లాడినో మొదటి క్రాస్ కంట్రీ సీజన్‌కు సిద్ధం చేయడమంటే ఈ ప్రశ్నకు జవాబు తెలిసి మెలగడమే.

ముందు ఆట గురించి రెండు మాటలు. ట్రాకు వదిలేసి గడ్డి, మట్టి, గుట్ట, బురద మీదుగా సాగే పరుగే క్రాస్ కంట్రీ. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ బోర్డింగ్ బడుల్లో ఇది తరుముడాటగా మొదలైంది. ఇద్దరు కాగితపు ముక్కలు చల్లుకుంటూ ముందు పోతారు, మిగతావాళ్లు ఆ జాడ పట్టుకొని వెంటపడతారు. రగ్బీ స్కూల్లో 1838 నుంచే ఇలాంటి పరుగు ఉంది. దేశాల మధ్య పోటీ 1903లో స్కాట్లండ్‌లో ఒక గుర్రప్పందేల మైదానంలో మొదలైంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పేరుతో 1973 నుంచి జరుగుతోంది. మన జాతీయ పోటీల్లో 16 ఏళ్ల లోపు పిల్లలకు దూరం 2 కిలోమీటర్లే. 18 ఏళ్ల లోపుకు వచ్చేసరికి అబ్బాయిలకు 6, అమ్మాయిలకు 4 అవుతుంది. 20 ఏళ్ల లోపులో 8, 6. ఈ అంకెలు ఊరికే పెట్టినట్టు కనబడవు. పదహారు దాటేదాకా దూరం పెంచడానికి పెట్టినవాళ్లు జంకినట్టుంది. ఆ జంకులో వైద్యం ఉంది.

పరుగు మొదలుపెట్టగానే ఒంట్లో అన్ని భాగాలూ ఒక్కసారే మారవు. రక్తంలోని ద్రవభాగం అన్నిటికంటే ముందు స్పందిస్తుంది, వారం తిరక్కుండానే పెరుగుతుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తుంది. రెండో వారంలో ఆయాసం తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. తర్వాతి వంతు కండరాలది. 1967లో అమెరికాలో జాన్ హొలోషీ అనే శాస్త్రవేత్త ఎలుకలను పన్నెండు వారాలు పరుగెత్తించి వాటి కండరాలు పరీక్షించాడు. కణాల్లో ఇంధనాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియాల సత్తా సుమారు రెట్టింపయింది. ఓర్పు పరుగుల శిక్షణకు శాస్త్రీయ పునాది ఆ ప్రయోగమే. మనుషుల్లోనూ ఈ మార్పు కొన్ని వారాల్లో తెలుస్తుంది.

ఎముక దారి వేరు. కాలువ గట్టు మరమ్మతు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బలహీనపడ్డచోట ముందు పాత మట్టి తవ్వి తీసేస్తారు, తర్వాతే కొత్త మట్టి పోసి దిమ్మిస చేస్తారు. తవ్వడానికీ నింపడానికీ మధ్య రోజుల్లో గట్టు మునుపటికన్నా బలహీనం. ఎముకలోనూ అంతే. కొత్త ఒత్తిడి పడ్డచోట పాత ఎముకను తినేసే కణాలు రెండు మూడు వారాలు పనిచేస్తాయి. వాటి వెనకాలే కొత్త ఎముక కట్టే కణాలు వస్తాయి, వాటి పని ముగియడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఆ కొత్త ఎముకలో ఖనిజం నిండి గట్టిపడటానికి ఇంకా సమయం కావాలి. అందుకే నాలుగో వారంలో ఊపిరి మంచి ఊపులో ఉంటే, కాలి ఎముక కొన్నిచోట్ల మొదటిరోజు కన్నా బలహీనంగా ఉంటుంది. ఇజ్రాయెల్ వైద్యులు 295 మంది కొత్త పదాతి సైనికులను శిక్షణ పొడుగునా గమనించి 1985లో ఫలితాలు వెలువరించారు. అందులో 31 శాతం మందికి ఇలాంటి ఒత్తిడి చిట్లు వచ్చాయి. వాళ్లు పద్దెనిమిది నిండిన ఆరోగ్యవంతులు. పద్నాలుగేళ్ల ఎముకకు మరో తలనొప్పి కూడా ఉంటుంది, అది ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ఎదుగుదల ఉరవడిగా సాగే కాలంలో అబ్బాయిలు ఏడాదికి 9 సెంటీమీటర్లు, అమ్మాయిలు 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతారు. ఎత్తు ముందు పరుగెత్తుతుంది, ఎముకలో ఖనిజం నిండటం అర ఏడాదికి పైగా వెనకబడి వస్తుంది. ఆ మధ్యకాలంలో ఎముక పొడవుగా ఉంటుంది కానీ అంత దట్టంగా ఉండదు. పిల్లల్లో చేతులు, కాళ్లు విరగడం ఆ వయసులోనే ఎక్కువ. అదే వయసు గొప్ప అవకాశం కూడా. కెనడాలోని సస్కచెవాన్ విశ్వవిద్యాలయం పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించి కొలిచింది. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో పావు వంతుకు పైగా ఆ ఉరవడి చుట్టూ రెండేళ్లలోనే చేరుతుందని తేల్చింది. కాబట్టి పిల్లను పరుగు మానిపించి ఇంట్లో కూర్చోబెట్టడం జవాబు కాదు. అది మరింత నష్టం.

ఇంట్లో తలుపు చెక్క మీద నెలకోసారి ఎత్తు గీత పెట్టడం వైద్య పరికరమంత పనికొస్తుంది. గీతలు దూరం దూరంగా పడుతున్న నెలల్లో పరుగు దూరం పెంచకూడదు. ఆ రోజుల్లోనే మోకాలి చిప్ప కింద బుడిపె లేచి నొప్పి పుట్టడం, మడమ వెనక సలుపు రావడం మామూలు. మోకాలి బుడిపెను 1903లో ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా వర్ణించారు. ఎదిగే ఎముక కొసను కండరం లాగడం వల్ల వచ్చే నొప్పి అది. భయపడాల్సిందేమీ లేదు, భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. కాలి ముందెముక నొప్పి మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఎముక లోపలి అంచు పొడవునా అరచేయంత మేర నొప్పిగా ఉంటే అది ఎముకకు, దాని పొరకు శ్రమ ఎక్కువైందన్న హెచ్చరిక. ఒకే ఒక్క వేలితో చూపించగలిగే చోట నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే చురుక్కుమన్నా, రాత్రి పడుకున్నాక కూడా వదలకపోయినా పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మొదటి రెండు మూడు వారాల్లో మామూలు ఎక్స్-రేలో ఈ చిట్లు తరచుగా కనబడదు. "ఫిల్ములో ఏం లేదు, పరుగెత్తు" అనే మాటతో చాలా కాళ్లు చెడ్డాయి.

అయితే వారానికి ఎంత పెంచాలి? పది శాతం అని పుస్తకాలన్నీ చెబుతాయి. దాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో పరీక్షకు పెట్టారు. ఐదు వందల మందికి పైగా కొత్త పరుగరులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు పది శాతం చొప్పున పదమూడు వారాలు, ఇంకొకటి కాస్త వడిగా ఎనిమిది వారాలు సాగింది. రెండింటిలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరు గాయపడ్డారు. అంటే పది అనే అంకెలో మహిమ లేదు. పిల్ల నడక తీరు, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పటి నొప్పి, ఆ నెల ఎదిగిన ఎత్తు చూసి నిర్ణయించే సార్ కళ్లకు ఏ శాతమూ సాటిరాదు.

ఇక ఆ పిల్ల పరుగెత్తే నేల సంగతి. తెలుగు పాఠకుడికి రాయచూరు పరాయి ఊరేం కాదు. ఆ ఊరి కోట గోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాతి పలక మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ దోఆబులో తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారడం మొదలయ్యాక కోస్తా నుంచి రైతు కుటుంబాలు వచ్చి సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు కట్టుకున్నాయి. క్యాంపు పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం మాట్లాడతారు. క్రాస్ కంట్రీకి కావలసిన నేలలన్నీ ఈ ఒక్క జిల్లాలో ఉన్నాయి. కాలువ గట్టు చదును మట్టిబాట, మస్కి, ముద్గల్ వైపు రాతి గుట్టలు, ఎర్ర మొరం దారులు, నల్లరేగడి చేలు.

నల్లరేగడి తీరు తెలిసి పరుగెత్తాలి. ఆ మట్టిలోని బంకకణాలు నీరు తాగి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకొని నెర్రెలిస్తాయి. వానాకాలంలో పది అడుగులు వేసేసరికి బూటుకు కిలో మట్టి అంటుకుంటుంది. అలాంటి బరువుతో అడుగు తీస్తే తుంటి ముందరి కండరాలు పట్టేస్తాయి. ఎండాకాలపు నెర్రెల్లో పాదం మడతపడి చీలమండ బెణుకుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో రేగడి చేల వైపు వెళ్లకుండా మొరం దారి, గట్టు బాట పట్టడమే నయం. అలాగని రోజూ ఒకే గట్టు మీద ఒకే వైపు కూడా పరుగెత్తకూడదు. గట్టు బాట సాధారణంగా ఒక పక్కకు వాలి ఉంటుంది, పల్లపు వైపు కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే బాట పడితే రెండు కాళ్లకూ వంతు సరిపోతుంది. వరి కోతలయ్యాక మరో తిప్పలు. తారు రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగిలిన సందులో ట్రాక్టర్లు పోతుంటాయి. పిల్లలు అప్పుడు రోడ్డు వదిలి చేలగట్ల మీదికి దిగడమే మంచిది. పురుగుమందు కొట్టిన మడి పక్కన ఆ రోజు పరుగు వద్దు. చీకటితో గట్టు మీదికి పోయేవాళ్లు టార్చి పట్టుకోవాలి, పాములూ ఆ వేళ తిరుగుతుంటాయి.

చెప్పుల్లేకుండా పరుగెత్తితే మేలా కాదా అన్న వాదన 2010లో డేనియల్ లీబర్‌మన్ అనే హార్వర్డ్ శాస్త్రవేత్త పరిశోధనతో మళ్లీ రాజుకుంది. బూట్లకు అలవాటు పడ్డవాళ్లు మడమను ముందు నేలకు కొడతారని, ఉత్తకాళ్లతో పెరిగినవాళ్లు పాదం ముందు భాగాన్ని మెత్తగా ఆనిస్తారని ఆయన చూపించాడు. మన హరిచంద్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఉత్తకాళ్లతో పదివేల మీటర్లు 28 నిమిషాల 48.72 సెకన్లలో పరుగెత్తాడు, ఆ జాతీయ రికార్డు ముప్ఫై రెండేళ్లు నిలిచింది. రాయచూరు పల్లెల పిల్లల్లో చాలామందికి ఉత్తకాళ్ల పరుగు అలవాటే. ఇక్కడి ఇబ్బంది సిద్ధాంతంతో కాదు, సర్కారు తుమ్మ ముళ్లతో. కాలికి సరిపడే మామూలు రన్నింగ్ బూట్లు చాలు. అడుగున ముళ్లుండే స్పైక్ బూట్ల ఖర్చు మొదటి సీజన్‌కు అక్కర్లేదు. పోటీ రోజున కొత్త బూట్లు వేయించడం మాత్రం ప్రేమతో చేసే అపకారం.

జూన్‌లో మొదలుపెట్టి జనవరి దాకా సాగే సీజన్ అనుకుంటే, మొదటి నెల వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకు ఇరవై పాతిక నిమిషాలు, నడక పరుగు కలిపి సరిపోతుంది. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుకుంటూ పోగలిగే వేగం దాటకూడదు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిష్యులు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచారు. ఒకడు 800 మీటర్ల విజేత. అంత చిన్న దూరం వాడి చేత కూడా లిడియార్డ్ ముందు నెలల తరబడి దూరపు పరుగులు చేయించాడు, ఆ తర్వాతే వేగం. వారానికి నూరు మైళ్లన్న ఆయన లెక్క పెద్దవాళ్లకు. పిల్లలు పట్టుకోవాల్సింది ఆ వరస మాత్రమే. నాలుగో వారం వచ్చేసరికి దూరం పెంచడానికి బదులు తగ్గించాలి. ఒంట్లో తేలిక కనబడే ఆ వారంలోనే ఎముక తవ్వకంలో ఉంటుంది కనుక. పిల్లలకు ఇది అన్యాయంలా అనిపిస్తుంది, కారణం చెబితే ఒప్పుకుంటారు.

ఖోఖో, కబడ్డీ మానిపించి "ఇక పరుగే" అనే సార్లు చాలామంది ఉన్నారు. ఎముకల శాస్త్రం వాళ్లకు వ్యతిరేకంగా ఉంది. ఒకే తీరు తాకిడికి ఎముక కణాలు త్వరగా అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తాయి. గెంతులు, హఠాత్తుగా ఆగడాలు, పక్కకు తిరగడాలు వాటిని మళ్లీ మేల్కొలుపుతాయి. జపాన్‌లో ఎలుకల చేత రోజుకు ఐదంటే ఐదు గెంతులు వేయించినా ఎముక బలపడింది. సైన్యంలో చేరకముందు రెండేళ్లకు తక్కువ కాకుండా బాస్కెట్‌బాల్ వంటి బంతాటలు ఆడిన ఇజ్రాయెల్ కుర్రాళ్లకు ఒత్తిడి చిట్లు బాగా తక్కువ. వారానికి రెండు సాయంత్రాలు ఖోఖో ఆడిన పిల్ల క్రాస్ కంట్రీకి వెనకబడదు.

వేగం నేర్పడానికి స్వీడన్ వాడు గోస్టా హోల్మేర్ 1930లలో కనిపెట్టిన ఫార్ట్‌లెక్ ఈ నేలకు చక్కగా అమరుతుంది. గడియారం అక్కర్లేదు. ఈ కరెంటు స్తంభం నుంచి ఆ తూము దాకా గట్టిగా, అక్కణ్నుంచి వేపచెట్టు దాకా నెమ్మదిగా, మళ్లీ మోరీ దాకా గట్టిగా. సెప్టెంబరు నుంచి వారానికి ఒకసారి చాలు. అక్టోబరులో గుట్ట ఎక్కే పరుగులు కలపవచ్చు. ఎక్కేటప్పుడు అడుగు తాకిడి తక్కువ, గుండెకు పని ఎక్కువ. దిగేటప్పుడు తొడ కండరాలకు శిక్ష, కాబట్టి నడిచి దిగాలి.

ఎండ సంగతికి వద్దాం. 1924 జులైలో పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ జరిగిన రోజు ఎండ 40 డిగ్రీలు దాటిందని ఆనాటి వార్తలు. దగ్గర్లోని కరెంటు కర్మాగారం పొగ దానికి తోడు. 38 మంది బయల్దేరితే 15 మంది చేరారు. కొందరు దారి తప్పి తూలిపోయారు, కొందరిని ఎత్తుకెళ్లారు. ఫిన్లండ్ వాడు పావో నుర్మి మాత్రం ఏమీ ఎరగనట్టు గెలిచాడు. ఆ రోజు తర్వాత ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ మళ్లీ కనబడలేదు. 2007 మార్చిలో కెన్యాలోని మొంబాసాలో ప్రపంచ పోటీ. అంతకుముందు ఐదేళ్లూ వరసగా గెలిచిన ఇథియోపియా వాడు కెనెనిసా బెకెలె ఆ ఉక్కలో చివరి చుట్టులో ఆగిపోయాడు. ఎరిత్రియా వాడు జెర్సెనాయ్ తదెసె గెలిచాడు. మేటి వీరులకే ఈ గతి పట్టినప్పుడు, మే నెలలో 40 డిగ్రీలు దాటే రాయచూరులో మధ్యాహ్నం మూడింటికి పిల్లలను మైదానంలోకి దింపే అలవాటును ఏమనాలి?

కండరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు పావు వంతే కదలికగా మారుతుంది, మిగతాది వేడి. ఆ వేడిని బయటికి పంపేది చెమట, అదీ ఆవిరైతేనే. వాన కురిసిన మర్నాడు గాలి తడిగా ఉంటే చెమట కారిపోతుంది తప్ప ఆవిరవదు, 33 డిగ్రీలు కూడా 40 లాగే కుంగదీస్తాయి. పిల్లలు పెద్దలకన్నా ఎండకు తట్టుకోలేరని చాలాకాలం అనుకున్నారు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2011లో ఆ మాట సవరించింది. సరిపడా నీళ్లు తాగి, మధ్యలో విరామం ఉండి, అలవాటు పడేందుకు రోజులిస్తే పిల్లలు పెద్దలంతగానూ తట్టుకుంటారని, ముప్పు ఎక్కువగా పెద్దలు పెట్టే షెడ్యూల్లోనే ఉందని చెప్పింది.

ఎండకు అలవాటు పడటం ఎలాగో శాస్త్రానికి నేర్పింది బంగారు గనులు. దక్షిణాఫ్రికాలో లోతు గనులకు దిగిన కొత్త కూలీలు వడదెబ్బకు చనిపోతుంటే 1930లలో డ్రియోస్టి అనే వైద్యుడు వాళ్లను రోజుకు కాస్త చొప్పున వేడికి అలవాటు చేసే పద్ధతి పెట్టాడు. గనుల యజమానులకు కావలసింది కూలీల ప్రాణం కన్నా పని ఆగకపోవడం, అయినా దాని వల్ల వచ్చిన జ్ఞానం అందరిదీ అయింది. అలా అలవాటు చేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో రక్తద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కొన్ని వారాలు మానేస్తే ఇదంతా పోతుంది. సెలవులకు బంధువుల ఊరెళ్లి ఏసీ గదిలో గడిపి వచ్చిన పిల్లకు జూన్ మొదటి పది రోజులూ పొద్దున ఆరులోపు నడకే పరుగు.

ఎవరైనా తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతూ ఉంటే అది అలసట కాదు, వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరిస్తూ గాలి విసరాలి. తొట్టి ఉంటే మెడదాకా కూర్చోబెట్టాలి. చల్లార్చడం ముందు, ఆసుపత్రి తర్వాత. మైదానం దగ్గర రెండు డ్రమ్ముల నీళ్లు లేకుండా పోటీ పెట్టకూడదని నియమం ఉంటే బాగుండును.

తిండి విషయంలో ఈ జిల్లా అదృష్టవంతురాలు. జొన్నరొట్టె, సజ్జరొట్టె, వేరుశనగ పొడి, పప్పు, పెరుగు పరుగరికి సరిపడే భోజనమే. డబ్బా పొడుల మీద పెట్టే డబ్బు గుడ్ల మీద పెడితే ఎక్కువ లాభం. 100 గ్రాముల రాగిలో 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల కాల్షియం ఉంటుంది, పాలలో ఉండేదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అసలు కొరత ఇనుముది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతానికి, అబ్బాయిల్లో 31.1 శాతానికి రక్తహీనత. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న పిల్లను "బద్ధకం" అని తిట్టి చుట్లు పెంచితే ఒరిగేదేమీ లేదు. సీజన్ మొదట్లో ఒక రక్తపరీక్ష, బళ్లో ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర వారం వారం మానకుండా, భోజనంతో పాటు టీ కాకుండా నిమ్మకాయ. టీ ఇనుమును పేగుల్లోనే అడ్డుకుంటుంది, నిమ్మ దాన్ని ఒంటికి పట్టిస్తుంది. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గకూడదు. ట్యూషన్ ఆరింటికి, పరుగు ఐదింటికి, పడక పదకొండింటికి అయితే మూడింటిలో ఒకటి తప్పించాలి.

అమ్మాయిల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. పరుగు పెరిగి, తిండి పెరక్కపోతే ఒళ్లు ముందుగా నెలసరిని ఆపుతుంది. దాంతో పాటు ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గితే ఎముక బలహీనపడుతుంది. మూడు నెలలు నెలసరి రాకపోతే "పరుగు పిల్లలకు మామూలే" అనే మాట నమ్మకుండా డాక్టరును కలవాలి. ఈ సంగతి పీటీ సార్‌తో చెప్పుకోలేని పిల్ల చెప్పుకోవడానికి బళ్లో ఒక టీచరమ్మను ముందే చూపించి ఉంచడం మంచిది.

పదిహేనేళ్లకు మెరవకపోతే ఆలస్యమైపోయిందని కంగారుపడే ఇళ్లకు అవినాశ్ సాబ్లే కథ పనికొస్తుంది. 1956 దాకా రాయచూరుతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న కరువు జిల్లా బీడ్‌లో 1994లో పుట్టాడు. చిన్నప్పుడు బడికి ఆరు కిలోమీటర్లు నడిచో పరుగెత్తో వెళ్లేవాడు. అదే అతని శిక్షణ. ఆ తర్వాత సైన్యంలో చేరి సియాచిన్ చలిలో, రాజస్థాన్ ఎండలో పనిచేశాడు. 2015లో, ఇరవై దాటాక, సైన్యం లోపలి క్రాస్ కంట్రీ పోటీలతో మొదలుపెట్టాడు. తర్వాత స్టీపుల్‌చేజ్‌కు మారి 2022 కామన్వెల్త్ క్రీడల్లో రజతం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. 2024లో పారిస్‌లో 8 నిమిషాల 9.91 సెకన్ల జాతీయ రికార్డు పెట్టాడు. పద్నాలుగేళ్లప్పుడు అతని చేత ఎవరూ వారానికి ఎనభై కిలోమీటర్లు చేయించలేదు.

పోటీ రోజున చేయించే పని చాలా తక్కువ. ముందురోజే కోర్సు నడిచి చూడాలి, ఎక్కడ ఇరుకో, ఎక్కడ ఇసుకో, మలుపు ఎటో. ఈలలు, కేకల మధ్య పిల్లలు మొదటి రెండు వందల మీటర్లు వందమీటర్ల పరుగులా తీస్తారు, ఒక్క కిలోమీటరుకే కాళ్లు బరువెక్కుతాయి. "మొదటి మలుపు దాకా నీ ముందు ఇరవై మంది ఉండనీ" అని ముందే చెప్పి, ఫార్ట్‌లెక్ రోజుల్లో అలాగే అలవాటు చేయించాలి. పరుగుకు మూడు గంటల ముందు తేలిక టిఫిను, దాహమేస్తే నీళ్లు, ముగిశాక మజ్జిగ. సీజన్ అయ్యాక రెండు మూడు వారాలు పూర్తిగా విడుపు, ఆ తర్వాత పరీక్షలు, వేసవి. మళ్లీ జూన్‌లో జనవరి నాటి దూరం నుంచి కాకుండా దానిలో సగం నుంచి మొదలు.

ఇక జట్టు లెక్క. ప్రపంచ పోటీల్లో దేశానికి ఆరుగురు దిగితే మొదట చేరిన నలుగురి స్థానాలు కూడతారు, తక్కువ వచ్చిన జట్టు గెలిచినట్టు. ఒక బడిలో మెరుపులాంటి పిల్ల ఒకత్తె ఉంది, మొదటి స్థానం ఆమెదే. తోటివాళ్లను తొందరగా తోమడంతో ఇద్దరు కాళ్ల నొప్పులతో గట్టున కూర్చున్నారు, మిగిలిన ముగ్గురు కుంటుతూ 22, 31, 38 స్థానాల్లో చేరారు. మొత్తం 92. పక్క బడిలో మెరుపులెవరూ లేరు, నలుగురు అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు 9, 11, 12, 14 స్థానాల్లో వచ్చారు. మొత్తం 46, కప్పు వాళ్లది.